బ్రేకు లేని బండి

ముప్పైరెండేళ్లు ఆర్టీసీ స్టీరింగు పట్టినవాణ్ణి.
బెజవాడ నుంచి తెనాలి గంటలోపే కొట్టేవాణ్ణి.
పక్కనే కాలవ ఉందని తెలుసు,
మలుపులెక్కడో తెలుసు,
నీళ్ల రంగే తెలీదు.
చెయ్యెత్తి నిలబడ్డవాళ్ల ముఖాలూ అంతే.

ఇవాళ మీరావలి పడవలో పోతుంటే
గట్టు మీద నన్నొక గేదె దాటిపోయింది.
దాటి, ఒకసారి వెనక్కి తిరిగి చూసింది కూడా.

సీతానగరం దగ్గర ఎక్కాం, తెల్లారకముందే.
పాత ఇసక పడవ. దానికి వాడు
చేలో నీళ్లు తోడే డీజిలింజను బిగించాడు.
టుక్కు, టుక్కు, మధ్యలో ఒకటి మింగి
మళ్లీ టుక్కు.
"చుక్కాని నువ్వు పట్టు డ్రైవరుగారూ"
అన్నాడు, నవ్వు దాచుకోకుండానే.

కుడికి తోస్తే ఎడమకి పోద్ది.
ఎడమకి తోస్తే కుడికి.
అదీ వెంటనే కాదు,
పంచాయితీ పెద్దలాగా
కాసేపు ఆలోచించుకున్నాక.
రెండుసార్లు గట్టుని గుద్దాను.
రెండుసార్లూ నా కుడికాలు
చెక్క మీద బ్రేకు వెతుక్కుంది.

ఉండవల్లి దాటాక
మల్లెతోటకి పోయే ఆడవాళ్లు
నడుముకి సంచులు కట్టుకుని మాతోపాటు నడిచారు.
నిజంగా మాతోపాటే, అడుగుకి అడుగు.
పొన్నమ్మ అనే ఆవిడ
మూడు గజాల నీళ్ల మీదుగా
తన తమ్ముడి పొలం తగాదా మొదలుపెట్టి
కోర్టులో మూడో వాయిదా దాకా లాక్కొచ్చింది.
నా బస్సులో లక్షల మంది ఎక్కారు.
ఒక్కరి కథ కూడా నా సీటు దాకా రాలా.
తోట దారి రాగానే
"మిగతాది వచ్చేటప్పుడు చెబుతాలే" అని
దిగిపోయింది,
ఎక్కకుండానే.

తర్వాత గుర్రపుడెక్క.
నీళ్లు కనపడవు, ఊదా పూల చేను.
ఫ్యానుకి చుట్టుకుని ఇంజను గొంతు పట్టేసింది.
మీరావలి మొలలోతున దిగి
కత్తితో కోసి పైకి విసిరాడు:
తూడు, తూడు, జరీ అంచు ముక్క,
గుండీలున్న సగం చొక్కా,
ఎవరిదో ఫోను చార్జరు.
"ఊరి గుట్టంతా నా ఫ్యాను మీదే పడుద్దిరా" అన్నాడు.
నేను గెడ పట్టుకుని ఊరికే నిలబడ్డాను.
తొందర లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో
నాకెవరూ నేర్పలా.

రేవేంద్రపాడు వంతెన కింద చల్లగా, చీకటిగా ఉంది.
పైన బస్సు పోయింది. తెనాలి బస్సే,
ఆ గేరు మార్పు నాకు నిద్రలో కూడా తెలుసు.
బయటికొచ్చి చెయ్యెత్తాను.
ఆగలా.

దుగ్గిరాల లాకుల దగ్గరికి
ముందు పసుపు వాసన వచ్చింది, తర్వాత ఊరొచ్చింది.
లస్కరు ఏసుపాదం తువ్వాలు దులుపుకుంటూ లేచాడు.
"పడవకి లాకు తీసి ఎన్నేళ్లయిందో, రిజిస్టరు కూడా చెదలు తినేసింది."
అన్నాడేగానీ గ్రీజు డబ్బా తెచ్చాడు.
ముగ్గురం కలిసి చక్రం మీద పడ్డాం.
పావు చుట్టు తిరిగింది.
తలుపు అడుగు నుంచి సన్నటి ధార
ఖాళీ గదిలోకి దూకింది,
నాచు మీద తాబేలొకటి మెడ చాచింది.
అంతే, మళ్లీ బిగుసుకుంది.
ఏసుపాదం మాత్రం
బిడ్డ మాట్లాడినంత సంబరపడ్డాడు.
పచ్చిపులుసూ కంద వేపుడూ మా గిన్నెలోంచే తిన్నాడు.

తిరుగుదారి ఎదురునీరు.
పొద్దున ఒక గంట పట్టిన చోటికి మూడు గంటలు.
గట్టు మీద ఎవరూ లేరు.
మల్లెతోట దారి దగ్గర
నేనే ఇంజను ఆపేశాను.
మీరావలి ఎందుకని అడగలా, తాడు కట్టాడు.
అదేం స్టాపు కాదు.
అయినా ఆగాం,
తోటలో లైటు ఒకటి కదులుతోంది,
పొన్నమ్మదే అయ్యుండొచ్చు.